పొయ్యి మంట పసుపుగా వస్తోంది, గిన్నెలకు మసి. ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

పాలకొల్లు పెరడు:
రెండు బర్నర్ల స్టీలు స్టవ్. పెద్ద బర్నర్ మంట పసుపుగా, నాలుకలు చాచినట్టు పైకి లేస్తోంది. తపేలా అడుగంతా మసి. చిన్న బర్నర్ మంట నీలంగానే ఉంది గానీ సిమ్‌లో పెడితే ఆరిపోతోంది, కట్టేటప్పుడు టప్పుమంటోంది. గ్యాస్ బండ మార్చి పది రోజులే అయింది. నాలుగు నెలలు తాళం వేసిన ఇల్లు, సంక్రాంతికి తెరిచాం. రిపేరు చేసే అతను రావడానికి వారం పడుతుందట. మనం ముట్టుకోవచ్చా? ముట్టుకుంటే ఎంతవరకు?

ఇత్తడి బర్నర్:
ఆయ్, ముట్టుకోవచ్చండి. కాకపోతే స్పానర్ పట్టే ముందు మంటను చూడాలి. రెండు బర్నర్లూ ఒకేలా నీరసంగా వెలిగితే పొయ్యిని విప్పక్కర్లేదు. రెగ్యులేటర్, మెలిక పడ్డ రబ్బరు ట్యూబు, అయిపోవచ్చిన బండ, ఈ మూడిట్లో ఒకటి కారణం. ఒక్క బర్నర్‌ మాత్రమే తేడాగా ఉంటే లోపం ఆ బర్నర్ దగ్గరే ఉంటుంది. రెంటికీ గ్యాస్ ఒకే పైపులోంచి, 30 మిల్లీబార్ల ఒకే ఒత్తిడితో వస్తుంది మరి. మీ రెండు బర్నర్లకూ రెండు వేర్వేరు జబ్బులు కాబట్టి విడివిడిగా చూద్దాం.

ముందు పెద్దది. పసుపు మంట కనబడగానే గ్యాస్ ఎక్కువైందనుకుంటారు. చాలాసార్లు గ్యాస్ సరిగ్గానే ఉంటుంది, గాలే చాలదు. జెట్‌లోంచి (గ్యాస్ బయటికొచ్చే సన్నని రంధ్రమున్న ఇత్తడి ముక్క) సన్నని ధారగా దూసుకొచ్చే గ్యాస్ మిక్సింగ్ ట్యూబ్ (గ్యాసూ గాలీ కలిసే గొట్టం) మూతి దగ్గర గాలిని తనతో పాటు లాక్కుపోవాలి. ఆ మూతిలో సాలెగూడో, కుమ్మరి పురుగు పెట్టిన మట్టి గూడో, బొద్దింకల చెత్తో ఉంటే గాలి ఆగిపోతుంది, గ్యాస్ మాత్రం వెళ్తూనే ఉంటుంది. తాళం వేసిన ఇల్లంటున్నారు కనుక నా అనుమానం పురుగు మీదే.

చేయాల్సింది ఇది. రెగ్యులేటర్ కట్టేసి, ఒక బర్నర్ వెలిగించి ట్యూబులో మిగిలిన గ్యాస్ మండిపోనివ్వండి. రెండు మూడు సెకన్లలో ఆరిపోతుంది. తర్వాత రెగ్యులేటర్‌ని బండ మీంచి తీసి, బండకి సేఫ్టీ క్యాప్ పెట్టండి. పొయ్యి చల్లారాక స్టాండ్లు, బర్నర్ క్యాప్‌లు తీసి, నేల మీద పాత దుప్పటి పరిచి పొయ్యిని బోర్లించండి. ఒక్కో మిక్సింగ్ ట్యూబ్‌ని పట్టి ఉంచే స్క్రూ ఒకటో రెండో ఉంటాయి. అవి విప్పితే ట్యూబ్ జెట్ మీంచి వెనక్కి జారి వచ్చేస్తుంది. బాటిల్ బ్రష్‌తో అటూ ఇటూ తోమి, ట్యూబ్‌లోంచి వెలుగు కనబడుతోందో లేదో కన్ను పెట్టి చూడండి. తిరిగి బిగించేటప్పుడు జెట్ ట్యూబ్ మూతికి సరిగ్గా నడిమధ్యలో ఉండాలి. స్క్రూ ఒకటి ఊడిపోయి ట్యూబ్ కాస్త కిందికి వేలాడినా ధార గోడకు తగిలి మళ్ళీ పసుపు మంటే వస్తుంది.

జెట్ పిన్ను:
పైన చెప్పిన దానికి నాదో తోక. జెట్ మూసుకుపోయిందని కుట్టుసూదితో పొడవకండి. జెట్ ఇత్తడి, సూది ఉక్కు. ఒకటికి నాలుగుసార్లు పొడిస్తే రంధ్రం సాగిపోతుంది. 0.70 మిల్లీమీటర్ల రంధ్రం 0.80 అయితే చూపుకి తేడా తెలియదు గానీ వైశాల్యం 30 శాతం పెరుగుతుంది, గ్యాస్ కూడా దాదాపు అంతే ఎక్కువ వెళ్తుంది. ఇక ఎంత శుభ్రం చేసినా మసి పోదు, బండ కూడా త్వరగా అయిపోతుంది. పొయ్యి పాతబడిందని చాలామంది తిట్టుకునేది ఈ సూదిపోటు వల్లే.

పద్ధతేంటంటే, సరిపోయే స్పానర్‌తో జెట్ విప్పి, అరగంట కిరసనాయిల్లోనో వేడి సబ్బునీళ్ళలోనో నానబెట్టాలి. కరెంటు వైరు తొక్క ఒలిచి, లోపలి రాగి పోగుల్లోంచి ఒక్క పోగు తీసి దూర్చాలి. వెలుతురుకి పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కనబడాలి. కోలగా ఉంటే ఆ జెట్ పనికిరాదు. పాత జెట్ మీద చెక్కిన అంకె ఏదో అదే అంకెది తెచ్చుకోండి. పెద్ద బర్నర్ జెట్, చిన్న బర్నర్ జెట్ మారిపోకుండా విడివిడి గిన్నెల్లో పెట్టుకోండి. జెట్ మరచుట్లకి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. దాని పీలిక తెగి రంధ్రానికే అడ్డం పడుతుంది.

అంతర్వేది ఉప్పుగాలి:
పసుపు వేరు, నారింజ వేరండి. సముద్రం దగ్గర ఊళ్ళలో ఇది చాలామందిని తికమక పెడుతుంది. గాలిలోని ఉప్పు మంటలో పడితే సోడియం వల్ల నారింజ రంగు చారలు మెరుస్తాయి. ఇల్లు ఊడ్చినప్పుడు లేచిన దుమ్ముకీ అంతే, ఉప్పు వేసిన ఎసరు పొంగి బర్నర్ మీద పడ్డా అంతే. దానికి పొయ్యి విప్పక్కర్లేదు. తేడా తేల్చుకోవడం తేలిక: తోమిన స్టీలు ప్లేటుని మంట మీద ఒక నిమిషం పట్టుకోండి. అడుగున మసి అంటితే గాలి చాలట్లేదు. మసి లేకుండా రంగు మాత్రమే ఉంటే అది ఉప్పు, వదిలేయండి.

మా వైపు అసలు బాధ తుప్పు. స్టీలు బాడీ బాగానే ఉంటుంది గానీ కింద మిక్సింగ్ ట్యూబ్ స్క్రూలు తుప్పు పట్టి కరుచుకుపోతాయి. బలవంతంగా తిప్పితే తల విరుగుతుంది. రెండు చుక్కల కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలేయండి.

పాలకొల్లు పెరడు:
ప్లేటు పరీక్ష చేశాను, దట్టంగా మసి అంటింది. అయితే గాలి లోపమే. ఇంకో సంగతి: పెద్ద బర్నర్ మీద రోజూ అన్నం వారుస్తాం, గంజి పొంగుతూనే ఉంటుంది. క్యాప్ కన్నాలు సగం మూసుకుపోయాయి. నిమ్మకాయలో నానబెట్టమంటున్నారు, వంటసోడా అంటున్నారు, ఏది చేయను?

ఇత్తడి బర్నర్:
క్యాప్ దేనితో చేశారో చూసి చెప్పాలండి. ఇత్తడిదైతే రెండు లీటర్ల వేడినీళ్ళలో నిమ్మకాయంత చింతపండు, చెంచా ఉప్పు వేసి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. అత్తిసరు గిన్నెలు తోమినట్టే. అల్యూమినియం కలిసిన తెల్ల క్యాప్‌ని మాత్రం పులుపులోగానీ సోడాలోగానీ నానబెట్టకండి, గుంటలు పడి నల్లబడుతుంది. దానికి సబ్బు, వేడినీళ్ళు చాలు. మిక్సింగ్ ట్యూబ్ కూడా ఎక్కువగా అల్యూమినియమే, దానికీ ఇదే మాట.

కన్నాల్లో గట్టిపడ్డ గంజిని బయటినుంచి లోపలికి పొడిస్తే అది లోపలే పడి ట్యూబ్‌లోకి జారుతుంది. క్యాప్ తిరగేసి లోపలినుంచి బయటికి పొడవండి. కన్నం పెద్దది కాకూడదు. కడిగాక ఎండలో బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. తడి క్యాప్ పెడితే మంట చిటపటలాడుతూ ఎగిరెగిరి పడుతుంది, బాగుచేసింది చెడిపోయిందని కంగారు పడతారు. వేడి మీదున్న క్యాప్ మీద చన్నీళ్ళు పోయకండి, వంకర పోతుంది.

లంక గట్టు:
అందరూ చెబుతున్నారు గానీ గోదావరి మధ్య లంక ఊళ్ళలో వేరే కథ ఉంది, అది కూడా చెప్పాలి. 2022 జూలై వరద లాంటిది వచ్చినప్పుడు పొయ్యి రెండు మూడు రోజులు నీళ్ళలో ఉంటుంది. నీళ్ళు తీశాక తుడిచి వెలిగించేస్తారు. అది తప్పు.

మునిగిన రెగ్యులేటర్ని మళ్ళీ వాడకూడదు. దాని పైన చిన్న గాలి రంధ్రం ఉంటుంది, లోపలి రబ్బరు పొర అటూ ఇటూ ఆడడానికి. ఆ రంధ్రంలోంచి ఒండ్రు వెళ్ళి ఆరితే పొర కదలదు, ఒత్తిడి అదుపు తప్పుతుంది. ఏజెన్సీలో ఇచ్చి మార్చుకోండి. ట్యూబు కూడా కొత్తదే.

పొయ్యిలో కాక్‌ల (నాబుల వెనకుండే గ్యాస్ కుళాయిల) ముందుండే అడ్డు పైపులోకి ఒండ్రు చేరుతుంది. జెట్లు విప్పి, నాబులు పూర్తిగా తెరిచి, మంచినీళ్ళు ట్యూబు తగిలించే చివరనుంచి పోస్తే జెట్ల వైపునుంచి బురద బయటికొస్తుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా పోయండి. తర్వాత సైకిల్ పంపుతో గాలి కొట్టండి. నోటితో ఊదితే తేమ ఇంకా పెరుగుతుంది. రెండు రోజుల ఎండ తప్పనిసరి. గ్రీజు కొట్టుకుపోయి ఉంటుంది కనుక కాక్‌లు లీకు పరీక్ష అయ్యాకే వాడాలి.

ఇంకోటి. వరదొస్తుందని కబురు తెలియగానే బండని కదలకుండా తాడుతో కట్టేయండి. గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ బండ బరువు 15, 16 కిలోలు, మొత్తం 30 చిల్లర. బండ ఆక్రమించే చోటు 35 లీటర్ల దగ్గర. అంటే నిండు బండ కూడా తేలుతుంది. తగిలించి ఉంచితే ట్యూబుని పీక్కుపోతుంది. రెగ్యులేటర్ తీసి, క్యాప్ పెట్టి, స్తంభానికి తాడుతో కట్టాలి.

పాలకొల్లు పెరడు:
నిండు బండ తేలుతుందని ఇప్పుడే తెలిసింది. సరే, చిన్న బర్నర్ సంగతి? నాబు కూడా గట్టిగా తిరుగుతోంది.

ఇత్తడి బర్నర్:
గట్టిగా తిరగడం, సిమ్‌లో ఆరడం, రెండూ కాక్ లోపలి గ్రీజు ఎండిపోయిన గుర్తులే. కాక్‌లో ఇత్తడి శంకువు ఒకటుంటుంది, దానికో పెద్ద కన్నం, సిమ్‌కి చిన్న కన్నం. ఎండిన గ్రీజు ఆ చిన్న కన్నాన్నే ముందు మూసేస్తుంది. నాబు లాగేసి, కాక్ ముందరి రెండు స్క్రూలు తీస్తే స్పిండిల్ (నాబు తగిలే కడ్డీ), స్ప్రింగు, శంకువు వరుసగా వస్తాయి. కిరసనాయిలు అద్దిన నూలు గుడ్డతో శంకువునీ, అది కూర్చునే గూటినీ తుడిచి, చిన్న కన్నంలో రాగి పోగు ఆడించి, గ్యాస్ కాక్ గ్రీజు పలచగా పూయాలి.

రాజోలు అత్త:
అలా చెప్పేసి ఊరుకుంటే ఎలా బాబూ. కాక్ విప్పడం అందరి పనీ కాదు. ఒక కాక్ శంకువు ఇంకో కాక్‌లో పెడితే చాలు, లీకే. గూడూ శంకువూ జంటగా అరగదీసి అమర్చినవి. కంటికి ఒకటే అనిపిస్తాయి, కానీ పట్టు వేరు. గరుకు కాగితంతో రుద్దితే గీత పడుతుంది, ఆ గీతలోంచే గ్యాస్ కారుతుంది. బండి బేరింగుల గ్రీజు పూస్తే వేడికి కరిగి కన్నంలోకి పోతుంది. కొబ్బరినూనె పూసేవాళ్ళు కూడా ఉన్నారు, వారం రోజులు మెత్తగా తిరిగి తర్వాత జిగురై మొత్తం బిగుసుకుంటుంది.

శంకువు మీద గోరు పెట్టి నిలువునా లాగితే గీత తగిలిందంటే కాక్ మొత్తం మార్చడమే. అది నిపుణుడి పని. వారంటీ ఉన్న పొయ్యిలోనూ, మంట ఆరితే గ్యాస్ ఆగే ఏర్పాటున్న హాబ్‌లోనూ కాక్ జోలికి వెళ్ళొద్దు.

ఇత్తడి బర్నర్:
ఒప్పుకున్నానండి అత్తగారూ. ఒక్కసారి ఒక కాకే విప్పాలి, అది బిగించి సబ్బు నురగతో చూశాకే రెండోదాని సంగతి. గ్రీజు కన్నాల చుట్టూ అద్దకూడదు, పైనా కిందా మాత్రమే. చేతిలో గ్రీజు లేకపోతే అసలు విప్పొద్దు.

సిమ్ మరీ చిన్నగా ఉంటే ఇంకో చోటు చూడండి. కొన్ని కాక్‌లకి స్పిండిల్ పక్కన సన్నని సిమ్ స్క్రూ ఉంటుంది. మంట వెలిగించి, సిమ్‌లో పెట్టి, ఆ స్క్రూని పావు చుట్టు తిప్పి చూడండి. నాబుని గబుక్కున పూర్తి నుంచి సిమ్‌కి తెచ్చినా ఆరకూడదు, అప్పటికి సరిపోయినట్టు.

టప్పు చప్పుడు వేరే సంగతి. కట్టేటప్పుడు గ్యాస్ వేగం తగ్గి, మంట కన్నాల్లోంచి వెనక్కి దూరి లోపలి మిశ్రమాన్ని అంటిస్తుంది. కట్టినప్పుడు చిన్నగా వినబడితే ప్రమాదం లేదు. వెలుగుతుండగానే టప్పుమని, కింద భుస్సున శబ్దం వస్తూ నాబు వేడెక్కితే మంట జెట్ దగ్గర మండుతోందన్నమాట. వెంటనే కట్టేసి చల్లారనివ్వండి. చాలాసార్లు క్యాప్ గాడిలో సరిగ్గా కూర్చోదు, లేదా పగులుతుంది, లేదా సూదితో కన్నాలు పెద్దవి చేసి ఉంటారు. క్యాప్‌ని ట్యూబ్ మీద పెట్టి వేళ్ళతో కదిలిస్తే గటగట ఆడకూడదు.

పగిలిన క్యాప్‌కి ఎం-సీల్ పెట్టేవాళ్ళకో దండం. అది మండుతూ కంపు కొడుతుంది, రెండు రోజుల్లో ఊడిపోతుంది.

కాకినాడ పైపు:
సిలిండర్ నుంచి పైపు గ్యాస్‌కి మారినవాళ్ళకి ఒక మాట. మంట చూసి పొయ్యి తప్పనుకోకండి. పైపులో వచ్చే సహజవాయువు ఇంటి దగ్గర 21 మిల్లీబార్ల ఒత్తిడిలో ఉంటుంది, ఘనపు మీటరుకిచ్చే వేడి కూడా ఎల్పీజీలో సగానికన్నా తక్కువ. అందుకే దానికి పెద్ద జెట్ వేస్తారు. సిలిండర్ జెట్‌తోనే వాడితే మంట చిన్నగా, గిన్నె వేడెక్కకుండా ఉంటుంది. దీనికి తారుమారుగా, పైపు గ్యాస్ జెట్ ఉన్న పొయ్యికి బండ తగిలిస్తే భగ్గుమని పసుపు మంట, మసి, ప్రమాదం. కనెక్షన్ ఇచ్చేటప్పుడు వాళ్ళే మార్చేస్తారు. తీసేసిన పాత జెట్లు పారేయకుండా దాచుకోండి.

పాలకొల్లు పెరడు:
మా చెల్లి ఇంట్లో గాజు హాబ్. వెలుగుతుంది, నాబు వదలగానే ఆరిపోతోంది. అదీ సాలెగూడేనా?

జెట్ పిన్ను:
కాదండి. అది మంట ఆరితే గ్యాస్ ఆపే ఏర్పాటు పని. బర్నర్ పక్కన మంటలో తగిలేలా సన్నని మేకులా ఉంటుంది చూడండి, అదే థర్మోకపుల్. వేడెక్కితే దానిలో కొన్ని మిల్లీవోల్టుల కరెంటు పుట్టి లోపలి అయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది. నాబుని కొద్ది సెకన్లు నొక్కి ఉంచమనేది అందుకే. పది సెకన్లు నొక్కినా ఆరిపోతే కొనని ముందు చూడండి. పులుసు పొంగి గడ్డకట్టి ఉంటే వేడి తగలదు. సన్నని గరుకు కాగితంతో సున్నితంగా రుద్దండి. క్యాప్ కాస్త తిరిగి కూర్చుని మంట ఆ కొనకి అందకపోయినా ఇంతే.

పక్కనే ఇంకో మేకు ఉంటుంది, చుట్టూ తెల్ల పింగాణి. అది నిప్పురవ్వది, దాన్ని గీకకండి. పింగాణి పగిలితే రవ్వ పక్కదారి పట్టి బాడీకి తగులుతుంది. మన వానాకాలం తేమకి టిక్ టిక్ అని శబ్దమే వస్తుంది, వెలగదు. పొడిగుడ్డతో తుడిచి, కొనకీ బర్నర్‌కీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉందా చూడండి. బ్యాటరీది అయితే ముందు బ్యాటరీ మార్చండి. బ్యాటరీ పెట్టెలో పచ్చగా చిలుము పడితే గీకి తీసేయాలి.

గాజు మీద బూరెల మూకుళ్ళు, పెద్ద డేగిసాలు పెట్టొద్దని చెప్పండి. మూకుడు బర్నర్‌ని దాటి వెడల్పుగా ఉంటే వేడి కిందికి తిరిగి గాజు మీదే పడుతుంది.

లంక గట్టు:
బిగించాక పరీక్ష మర్చిపోకండి. నాబులన్నీ కట్టేసి, రెగ్యులేటర్ తెరిచి, గిన్నెలో సబ్బు నురగ చేసి బ్రష్‌తో అద్దండి: ట్యూబు రెండు చివర్లు, జెట్ మొదలు, కాక్ స్పిండిల్, అడ్డు పైపు అతుకులు. బుడగ ఉబ్బితే లీకు. అగ్గిపుల్ల గీసి చూడొద్దు.

రెండో పరీక్ష: రెగ్యులేటర్ తెరిచి అర నిమిషం ఆగి కట్టేయండి. పది నిమిషాలయ్యాక, వాసన లేదని చూసుకుని, బర్నర్ వెలిగించండి. రెండు మూడు సెకన్లు వెలిగి ఆరితే లోపల గ్యాస్ నిలిచినట్టు. అసలు అంటుకోకపోతే ఎక్కడో కారిపోయింది, నురగతో మళ్ళీ వెతకాలి.

రెగ్యులేటర్ పెట్టగానే బండ మెడ దగ్గర బుస్సుమంటే బండ వాల్వులో రబ్బరు రింగు లేదనో, పాడైందనో అర్థం. సబ్బు ముక్క అద్దేసి నడిపించకండి. క్యాప్ పెట్టి ఏజెన్సీకి చెప్పండి.

వాసన గట్టిగా వస్తే ఫ్యాను స్విచ్ కూడా వేయకూడదు, ఆపకూడదు. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. కాబట్టి పై కిటికీలు మాత్రమే చాలవు, గుమ్మం తలుపులు కూడా తెరవండి. బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

పాలకొల్లు పెరడు:
చేశాను. పెద్ద బర్నర్ ట్యూబ్‌లో రూపాయి బిళ్ళంత మట్టి గూడు, ఎండిన సాలెపురుగు. తీసి తోమాక మంట నీలం, ప్లేటుకి మసి లేదు. చిన్నదాని కాక్ ముట్టుకోలేదు, గ్రీజు దొరకలేదు. క్యాప్ సర్ది పెట్టాక టప్పు తగ్గింది, సిమ్ మాత్రం అలాగే ఉంది. నురగ పరీక్షలో ట్యూబు పొయ్యి వైపు చివర చిన్న బుడగ. ట్యూబు మీద 2018 అని ముద్ర ఉంది. క్లిప్పు బిగిస్తే సరిపోతుందా?

రాజోలు అత్త:
సరిపోదు తల్లీ. ఆ ట్యూబుకి ఐదేళ్ళే ఆయుష్షు, ఎప్పుడో దాటిపోయింది. చివర గట్టిపడి పగిలుంటుంది, ఎంత బిగించినా కారుతుంది. ఐఎస్ఐ గుర్తున్న, లోపల స్టీలు తీగ అల్లిన సురక్ష ట్యూబు కొనండి. కోతలయ్యాక ఎలుకలు ఇళ్ళల్లోకి చేరే ఊళ్ళకి ఆ తీగే శ్రీరామరక్ష. పొడవు 1.5 మీటర్లు మించకూడదు, మధ్యలో అతుకు వేయొద్దు, పొయ్యి కిందనుంచి లాగొద్దు. కొత్తది వచ్చేదాకా రెగ్యులేటర్ తీసే ఉంచండి. ఇవాళ్టికి వంట పెరట్లో కట్టెల పొయ్యి మీద కానిచ్చేయండి.

ఇత్తడి బర్నర్:
కాక్ గ్రీజు స్టవ్ సామాన్లు అమ్మే కొట్లో చిన్న డబ్బాలో దొరుకుతుంది, శనగగింజంత చాలు. రిపేరు అతను వచ్చేది వారంలోనే కదా, ఆ ఒక్క పనీ అతనికే వదిలేయండి. శంకువు మీద గీత ఉందా అని అతన్నే గోరు పెట్టి చూడమనండి.

పాలకొల్లు పెరడు:
ట్యూబు తెచ్చాం, 1.5 మీటర్లది. నురగలో బుడగ లేదు.